ఆంధ్ర మహాసభ వృద్ధిక్షయములు: సంఘ సభ్యులకొక మనవి

సంఘమును స్థాపించుట సులభము. దానిని నిలుపుట కష్టము. ఈ మాట సహకార సంఘముల విషయమున ఎంత నిజమో, రాజకీయ సంస్థల విషయమునను అంతే నిజము. మన నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో వేరూని, పదునాలుగేండ్లలో ఊరూర వ్యాపించి, ఆపైన రెండేండ్లలోనే రెండు ముక్కలై పేరునకైన మిగులకుండ పోయిన ఆంధ్ర మహాసభ చరిత్రము ఇందుకు తార్కాణము. మన సభ్యులలో వృద్ధులకిది తండ్రితాతల నోట వినిన కథ. యువకులకు పాఠ్యపుస్తకమునందలి రెండు పంక్తులు. ఈ మాసమున విత్తనముల మాటయు, ఎరువుల మాటయు ప్రక్కనుంచి మేమీ విషయమును వ్రాయుటకొక కారణము కలదు. దానిని తుదకు విన్నవించెదము.

1921 నవంబరులో హైదరాబాదు నగరమున వివేకవర్ధినీ నాటకశాలయందు సంఘసంస్కార సభ జరిగినది. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. ఇతర భాషల ఉపన్యాసములను శ్రద్ధగా ఆలకించిన సభవారు, ఆలంపల్లి వెంకటరామారావు గారను న్యాయవాది తెలుగున మాటలాడ లేచినంతనే కేకలు వేసి ఆయనను కూర్చుండబెట్టిరి. నిజాము రాజ్యమందలి ప్రజలలో దాదాపు సగముమంది ఇంట మాటలాడు భాషకు ఆ రాజ్యపు రాజధానిలో జరిగిన మర్యాద అది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు గారు దానికి వెన్నెముకయై నిలిచిరి. గ్రంథాలయములు పెట్టుట, పాఠశాలలు పెట్టించుట, వెట్టిచాకిరిని గూర్చియు, చిల్లర వర్తకుల బాధలను గూర్చియు చిన్నచిన్న పుస్తకములు అచ్చువేసి పంచుట వారి తొలి పనులు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికను ఆరంభించి ఆ మాటలను జిల్లాలకు చేర్చిరి.

ఆ మొక్కయే 1930లో వృక్షమైనది. నాటి మెదకు జిల్లా జోగిపేటలో, మన మహబూబునగరము జిల్లావారైన సురవరమువారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. దానితోబాటు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన స్త్రీల సభయు జరుగుట ఆనాటికి సామాన్యమైన విషయము కాదు. మరుసటి సంవత్సరము మన దేవరకొండలో, మహబూబునగరము జిల్లావారే యగు బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన రెండవ సభ. 1936లో అయిదవ సభ నాడు మహబూబునగరము జిల్లాలోనిదైన షాద్‌నగరులో, కొండా వెంకట రంగారెడ్డి గారి అధ్యక్షతన. 1941లో ఎనిమిదవది హుజూర్‌నగరు ప్రాంతమందలి చిలుకూరులో. 1944లో పదునొకండవది భువనగిరిలో. ఈ రెండింటికిని బొల్లేపల్లి వాస్తవ్యులగు రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. సభ పెట్టుటకే సర్కారువారి అనుమతి కావలసియుండిన కాలమున ఇన్ని మారులు మన రెండు జిల్లాలలో రైతులు పందిళ్లు వేసి, అతిథులకు అన్నము పెట్టి, సభలు జరిపించిరనుట మనకు గర్వకారణమే.

ఏల మన జిల్లాలలోనే అది అంతగా నాటుకొన్నది? నేల స్వభావము నెరుగక పైరును గూర్చి చెప్పరాదు గనుక నాటి భూముల స్థితిని కొంత తెలిసికొనవలెను. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1950–51 నాటి ప్రభుత్వ నివేదికను బట్టి చూపిన లెక్క ప్రకారము నల్లగొండ, మహబూబునగరము, వరంగల్లు, ఈ మూడు జిల్లాలలో 500 ఎకరములకు మించిన భూమిగల పట్టాదారులు సుమారు 550 మంది. సాగునకు వచ్చు భూమిలో నూటికి 60 మొదలు 70 పాళ్లు వారిదే. తక్కిన లక్షలాది కుటుంబములు మిగిలిన చెల్కలలో జొన్న, సజ్జ, ఆముదము వేసికొని బ్రతుకవలెను. లేదా దొర భూమిని కౌలుకో పాలుకో చేయవలెను. కౌలుదారును ఎప్పుడు తొలగించినను అడుగువాడు లేడు.

దీనిపైన వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు వృత్తులవారు దొర గడిలో ఊరకనే పనిచేయవలెను. గొల్లవారు మేకనియ్యవలెను. కోమటి సరుకులు సమర్పించుకొనవలెను. అధికారి ఊరికి వచ్చిన దినమున అంటరానివారిగా నెంచబడినవారు తమ చేని పని మాని మూటలు మోయవలెను. అదియుగాక నాగు. ఆషాఢమాసమున తిండిగింజలు అప్పు తెచ్చుకొన్నవాడు కళ్లము దినమున ఒకటికి ఒకటింబావో ఒకటిన్నరయో కొలిచి, మరల ఆషాఢమునాటికి అదే గడప యెదుట నిలుచుండును. తాత చేసిన అప్పునకు మనుమడు జీతము చేయు భగేలా పద్ధతి యొకటి. దీనిని కట్టడి చేయుటకు 1936లో సర్కారువారు ఒక చట్టము చేసిరి. చట్టము నగరమున ఉండెను. భగేలా ఊరిలో ఉండెను.

ఇట్టి నేలపై ఆంధ్ర మహాసభ వెట్టి తగదని చెప్పినది. ఇది చిన్న మాట కాదు. అంతవరకు తన కర్మమనుకొనినదానిని అన్యాయమని రైతు మొదటిసారి పదిమందిలో, తన భాషలో, చదువుకొన్న పెద్దల నోట వినెను. సభ వృద్ధికి మూలమిదియే. ఆ పెద్దల సేవను తక్కువగా నెంచువారితో మేమేకీభవింపము.

కాని తొలి పదియేండ్ల సభకు ఒక కొరత యుండెను. సంవత్సరమునకో మూడు సంవత్సరములకో ఒకమారు పెద్ద పందిరి, రెండు మూడు దినముల ఉపన్యాసములు, తీర్మానములు. పందిరి విప్పిన మరునాడు ఆ తీర్మానమును ఊరిలో అమలు జరిపించువా డెవ్వడు? పటేలు, పట్వారీలు దొరవారే. తీర్మానమునకు చేయెత్తిన వారిలో వకీళ్లు, వర్తకులు, భూస్వాములు ఉండిరి. వారిలో సజ్జనులు పెక్కుమంది. కాని నాగు తెచ్చుకొనువాడును, మూట మోయువాడును ఆ వేదిక నెక్కలేదు. వాని బాధను వాని తరఫున ఇతరులు చెప్పిరి. ఇతరులు చెప్పు బాధ ఎంత చక్కగా చెప్పబడినను దానికొక హద్దుండును. చెప్పువాని గట్టు వచ్చినచోట అది నిలిచిపోవును.

1940 తరువాత ఆ హద్దు కదలినది. రావి నారాయణరెడ్డి, బద్దం యెల్లారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి గార్ల వంటి యువకులు గ్రామములకు కాలినడకను పోయి రైతుకూలీలను సభ్యులుగా చేర్పసాగిరి. సభ్యత్వపు రుసుము తగ్గింపబడినది. ఆ కాలముననే యుద్ధము వచ్చినది. లెవీ ధాన్యము పేరిట చిన్న రైతు కళ్లమును ఊడ్చుకొనిపోవుటయు, పెద్ద గాదెలకు మినహాయింపు దొరకుటయు జనులు కన్నులార చూచిరి. చిన్న కమతగాడు తన గింజలనిచ్చి, తిరిగి తిండికై నాగునకు పోవలసివచ్చెను. ఊరూర గ్రామసంఘములు లేచెను. జనులు వానిని ‘సంగం’ అనిరి. ఆంధ్ర మహాసభ యను పెద్ద పేరు పల్లెనోట రెండక్షరములకు కుదించబడిన దినముననే అది నిజముగా వారిదైనదని మా యభిప్రాయము.

ఇచటనే చీలిక వచ్చినది. 1944లో భువనగిరి సభనాటికి పాత పెద్దలలో పెక్కుమంది దూరముగా నుండిపోయిరి. సభ కమ్యూనిస్టుల చేతిలోనికి పోయినదని వారి యభియోగము. పెద్దలు తమ భూములకు భయపడి తప్పుకొనిరని యువకుల ప్రత్యభియోగము. రెండింటను కొంత నిజము కలదు. 1945లో ఒక పక్షమువారు ఖమ్మములోను, వేరొక పక్షమువారు మడికొండలోను ఆంధ్ర మహాసభ పేరుతోనే సభలు జరుపుకొనిరి. ఒకే పేరుగల రెండు సభలు చాలకాలము నిలువవు. 1946లో స్టేటు కాంగ్రెసుపై నిషేధము తొలగగా పెద్దల సభ అందులో కలిసిపోయినది. యువకుల సభను అదే సంవత్సరాంతమున సర్కారువారు నిషేధించిరి. అది కమ్యూనిస్టు పార్టీ నాయకత్వమున సాయుధపోరాటములోనికి పోయినది. ఆ సంవత్సరమే జూలై 4వ తేదీని, నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకా కడివెండిలో, విసునూరు దేశముఖు మనుష్యుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. అటుపై ఊళ్లలో మాట పోయి తుపాకి వచ్చినది. రజాకార్లు, 1948 సెప్టెంబరులో భారతసైన్యము, దళములు, క్యాంపులు; 1951 అక్టోబరులో పోరాట విరమణము వరకు మన పల్లెలు పడిన యాతన చాల యిండ్లలో ఇంకను మరువబడలేదు.

1952 ఎన్నికలనాడు వింతయైన దృశ్యము కనబడినది. దేవరకొండ సభాధ్యక్షులైన బూర్గులవారు కాంగ్రెసు పక్షమున హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రులైరి. చిలుకూరు, భువనగిరి సభాధ్యక్షులైన రావి నారాయణరెడ్డి గారు ప్రజాతంత్ర కూటమి పక్షమున నల్లగొండనుండి మూడు లక్షలకు మించిన ఓట్లతో లోకసభకు ఎన్నికైరి. నెహ్రూగారికి వచ్చిన వానికన్న అవి యెక్కువ. జోగిపేట సభాధ్యక్షులైన సురవరమువారు వనపర్తినుండి శాసనసభకు వచ్చిరి. సభలోని మనుష్యులందరు గెలిచిరి; సభ మాత్రము లేదు.

సభ కోరిన కోర్కెలు కొన్ని నెరవేరినవి. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారు అను మాట పుట్టినది. 1951లో పోచంపల్లియందు వినోబాగారి యెదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరములు దానమిచ్చుటతో భూదానము మొదలైనది. ఇవి యన్నియు మేలే. కాని చట్టము వచ్చిన దినమున దానిని ఊరిలో అమలు జరిపించుటకు భూమిగలవాడు, భూమిలేనివాడు కలిసి కూర్చుండు సంస్థ యొక్కటియు మిగులలేదు. చట్టమును చదువనేర్చిన పెద్దలు ఒక వైపు, చట్టము కావలసిన కౌలుదారులు ఒక వైపు. నడుమ పట్వారి దస్త్రము. ఆ దస్త్రములో పేరెక్కనివారు, పేరెక్కియు చేను దక్కనివారు ఎందరో. రక్షిత కౌలు తగాదాలు తరములు గడచినను కచ్చేరీలలో నడచుట మనమెరిగినదే.

ఇక మా యభిప్రాయమును స్పష్టముగా చెప్పెదము. పేదలు చేరుటచేత ఆంధ్ర మహాసభ చెడినదని కొందరందురు. అది సరికాదు. వారిని ఆలస్యముగా చేర్చుకొనుటచేత చెడినది. 1930లోనే జోగిపేటలో కౌలుదారును సభ్యునిగా కూర్చుండబెట్టియున్నచో, భూస్వామియు అతడును ఒకరి మాట నొకరు వినుటకు, పోట్లాడుటకు, చేయెత్తి తీర్మానించుకొనుటకు, ఓడిపోయినను మరల వచ్చి కూర్చుండుటకు పదునాలుగేండ్ల అలవాటు కలిగియుండెడిది. అలవాటు లేని చోటికి ఒక్కసారిగా వేలకొలది జనులు వచ్చునప్పటికి, పెద్దలు ఓటునకు నిలువక లేచిపోయిరి. యువకులు వారిని పిలుచుకొనివచ్చుటకు తగినంత ప్రయత్నింపలేదు. వానలు పడిన తరువాత గట్టు వేయబోయినట్లైనది. అటుపై రెండు ముక్కలును తమకన్న పెద్దవైన పార్టీలలో చేరినవి. నిర్ణయములు పైనుండి, దూరమునుండి వచ్చినవి. మన ఊరి మాటను మన ఊరిలో తీర్చుకొను చిన్న సంస్థ అంతరించినది.

భూమిగలవాడు, లేనివాడు ఒక కప్పు క్రింద ఎంతకాలము నిలుతురు, చీలిక తప్పనిదే కదా యని అడుగవచ్చును. తప్పనిదే కావచ్చును. కాని ఆ ప్రశ్నకు సమాధానము తెలియుటకైన వారిద్దరును ఒక కప్పు క్రింద మొదటినుండి ఉండవలెను. మహాసభ ఆ పరీక్షను సకాలమున చేయలేదు.

సోదర కృషికులారా! ఇందు మన సహకార సంఘమునకేమి సంబంధమని యడుగుదురేమో. సంబంధము చాల కలదు. మన సంఘమును మహాజన సభనాడు ఒకసారి చూడుడు. పాసుపుస్తకముగలవారు ముందు కూర్చుందురు. తండ్రి పేర పట్టా యుండి నగరమున ఉద్యోగము చేయువారి పేర్లును సభ్యుల పట్టికలో ఉండును. కాని వారి చేనిని కౌలునకు దున్నువాడు, విత్తు వేయువాడు, దాసరి పురుగును చేతితో ఏరువాడు, రాత్రి అడవిపందులకు కాపలా కాయువాడు ఆ పట్టికలో తరచుగా కనబడడు. మేము ప్రదర్శన క్షేత్రములకై తిరుగు గ్రామములలో ఇది నిత్యము చూచుచున్నాము. మేలైన కంది విత్తనమును గూర్చి, తుంపర సేద్యమును గూర్చి మేము చెప్పునది వినుటకు వచ్చువాడు కౌలుదారు. దానికై అప్పు దొరకువాడు పట్టాదారు. అప్పు దొరకని కౌలుదారు ఎచటికి పోవును? విత్తనములు, మందులు అప్పుగా ఇచ్చి పంటనంతయు తనకే అమ్మవలెనను వ్యాపారి యొద్దకు పోవును. నాగు పేరు మారినది గాని గడప మారలేదు.

సర్కారు పథకములను చూచినను ఇదియే కథ. 2018లో ఆరంభమైన రైతుబంధు సహాయము పట్టాదారునకు అందినది; కౌలుదారునకు అందలేదు. అంతకుముందు 2011లో ఉమ్మడి రాష్ట్రమున సాగుదారులకు ఋణార్హత పత్రములిచ్చు చట్టము చేయబడినది. అడిగి తెచ్చుకొనువారు లేక, తెచ్చుకొన్నవారికి అప్పిచ్చువారు లేక అది చాలచోట్ల కాగితముననే నిలిచినది. భగేలా చట్టమునకు పట్టిన గతియే దీనికిని పట్టుచున్నది. చట్టము నగరమున చేయబడును. దానిని ఊరిలో నాటవలసినది మన సంఘము వంటివే.

దీనికి పట్టాదారులైన సభ్యులు చెప్పు ఆక్షేపణలు మాకు తెలియును. కౌలుదారునకు అప్పిచ్చినచో చేనిపై హక్కు వచ్చునేమో యను భయము మొదటిది. 2011 చట్టమునందు ఆ పత్రము సంవత్సరమునకే చెల్లుననియు, దానివలన భూమిపై హక్కేదియు రాదనియు స్పష్టముగా వ్రాయబడియున్నది. కౌలుదారు అప్పు తీర్చకున్న ఎవరు బాధ్యులనునది రెండవది. అయిదారుగురు కౌలుదారులు ఒకరికొకరు పూచీగా ఉమ్మడి బాధ్యత బృందములుగా చేరి తెచ్చుకొను పద్ధతి బ్యాంకులలో ఇదివరకే యున్నది. పొరుగువాని పైరును ప్రతిదినము చూచువాని పూచీ, పెట్టెలోని పాసుపుస్తకపు పూచీకి తీసిపోదు. ఇక బకాయిలందురా, పాసుపుస్తకము గలవారి పేరనే మన సంఘములలో బకాయిలు లేవా?

మూడవ ఆక్షేపణ పైకి చెప్పబడదు గాని లోపల ఉండును. కౌలుదారులు సభ్యులైనచో పాలకవర్గము వారి చేతికి పోవునేమో యని. భువనగిరి సభనాడు పెద్దలను ఇంటిలో కూర్చుండబెట్టినది ఈ భయమే. ఓటులేని తరగతిలో వారిని చేర్చుకొని తృప్తిపడుదమను మధ్యమార్గము కొందరు సూచించుచున్నారు. ఓటులేని సభ్యత్వము పందిరి వెలుపల నిలుచుండి ఉపన్యాసము వినుట వంటిది. సహకారమునకు ప్రాణము ఒక మనిషికి ఒక ఓటు. ఎకరములకు ఓటు కాదు.

కావున మా మనవి యిది. రాబోవు మహాజన సభలో మూడు తీర్మానములు పెట్టుడు. మొదటిది, సంఘ పరిధిలోని ప్రతి గ్రామమున వాస్తవముగా సాగుచేయువారి పట్టికను పాలకవర్గమువారు ఊరి నడుమ అందరియెదుట వ్రాయవలెను. రెండవది, వారిని వాటాధనము వాయిదాలలో చెల్లించునట్లు ఓటుగల సభ్యులుగా చేర్చుకొనవలెను. బైలాలు అడ్డువచ్చినచో వాని సవరణను కోరవలెను. మూడవది, పంట ఋణములో కొంత భాగమును కౌలుదారుల బృందములకై ప్రత్యేకించి, దాని లెక్కను ప్రతి సభలో చదువవలెను. కౌలుదారులైన సోదరులకు ఒక మాట: అడుగనిదే అమ్మయైన పెట్టదు. సభకు రండు. వెనుక వరుసలో కూర్చుండకుడు. పట్టాదారులైన సోదరులకు ఒక మాట: తీర్మానము మీకు నచ్చనిచో ఎదిరించి మాటలాడుడు, వ్యతిరేకముగా చేయెత్తుడు, కాని లేచిపోకుడు.

ఆంధ్ర మహాసభ వంటి గొప్ప సంస్థయే తన గడపను సకాలమున వెడల్పు చేయక రెండుగా చీలినది. మన చిన్న సంఘమునకు అంతకన్న ఎక్కువ బలము లేదు. పొలము పదునుమీద ఉన్నపుడే విత్తవలెను. ఆరిన పిదప గొర్రు దిగదు. ఈ సంవత్సరపు మహాజన సభ మనకు పదును.